రెండు నీకు, రెండు నాకు

ఉదయం పదకొండు గంటల పది నిమిషాలకు అన్నదమ్ములిద్దరూ సిలిండర్లు కట్టుకుని రిజర్వాయరు గేటు అడుగుభాగం చూడడానికి నీళ్లలోకి దిగారు. పదకొండు నలభై రెండుకు తమ్ముడు ఒక్కడే పైకి వచ్చాడు. ఇది పదకొండో రోజు. ఇంటి వెనక సామాను గదిలో వదిన, మరిది.

"అక్కడ పెట్టకు చిన్నా, తడిగా ఉంది."

"ఈ గొట్టాలూ సిలిండర్లూ అన్నీ ఎందుకు కడుగుతున్నావు వదినా? రిజర్వాయరు ఆఫీసువాళ్లు ఇచ్చింది ఇచ్చినట్టు మూట కట్టి పెట్టేయొచ్చుగా."

"పదహారేళ్లుగా మీ ఇద్దరివీ నేనేగా కడిగింది. ఇవాళ మానేస్తే ఇవేమనుకుంటాయి? కూర్చో. టీ చల్లారిపోతోంది."

"తాగాను."

"రెండు గుక్కలు తాగి కప్పు అవతలికి నెట్టావు. నిన్నా అంతే. అవతల ఎవరున్నారు?"

"ఎవరూ లేరు. వేడిగా ఉందని."

"చల్లారిపోతోందంటే వేడంటావు. సరే, మళ్లీ చెప్పు."

"ఏంటి?"

"ఆ రోజుది."

"ఎన్నిసార్లు వదినా? ఆఫీసులో రెండుసార్లు చెప్పాను. నీకు రెండుసార్లు. రేపు మళ్లీ రమ్మన్నారు."

"రేపు వాళ్లకి చెప్పేది ఇవాళ నాకు చెప్పు."

"పద్దెనిమిది మీటర్ల లోతులో ఉన్నాం. అన్నయ్యకి గాలి అయిపోయింది. అరచెయ్యి గొంతు మీద అడ్డంగా ఆడించాడు, గాలి లేదని. నా నోట్లో ఉన్న నల్లది తీసి ఆయనకిచ్చాను. పసుపుది నేను పెట్టుకున్నాను. మా పద్ధతి అదేగా. ఆపదలో ఉన్నవాడికి పనిచేస్తున్నదే ఇవ్వాలి."

"తెలుసు. ఒక్కో సిలిండరుకి రెండు గొట్టాలు. నల్లది రోజూ వాడేది, పసుపుది ఆపదకి. తర్వాత?"

"ఒకరి భుజం పట్టీ ఒకరం పట్టుకుని పైకి బయల్దేరాం. మధ్యలో వదిలేశాడు."

"ఎందుకు?"

"ఏమో. కంగారు పడ్డాడు."

"మీ అన్నయ్య."

"ఆ."

"పడుకునే ముందు గ్యాసు మూడుసార్లు చూసే మనిషి. బస్సెక్కాక, తాళం సరిగ్గా పడిందో లేదో చూసి రమ్మని నన్ను దింపి పంపిన మనిషి. ఆయన గాలి చూసుకోలేదు. పైగా కంగారు పడ్డాడు."

"నీళ్లలో ఎంతటివాడైనా..."

"ఈ కాగితం చూడు. సామానుతో పాటు వచ్చింది."

"చూడక్కర్లేదు."

"అయితే నేనే చదువుతాను. ఆయన్ని పైకి తీసినప్పుడు ఆయన సిలిండరులో గాలి, రెండు వందలకి తొంభై. నీ దాంట్లో, సున్నా."

"గాలి చూపించే ఆ గేజీ ఒక్కోసారి..."

"చిన్నా."

"చెప్పు."

"గొంతు మీద చెయ్యి ఆడించింది ఎవరు?"

"వదినా, రేపు వాళ్లు అడిగితే నేను..."

"నేను అడుగుతున్నాను."

"నేనే."

"ఆ."

"గేటు ఊచల్లో దుంగ ఇరుక్కుంది. లాగుతూ ఉండిపోయాను. గేజీ చూసుకోలేదు. తిరిగి చూసేసరికి పక్కనే ఉన్నాడు. అడగ్గానే నోట్లోది తీసి ఇచ్చేశాడు."

"అంటే నువ్వు చెప్పినదంతా జరిగిందే. మనుషులే తారుమారు."

"ఆ."

"పసుపుది ఆయన పెట్టుకున్నాడు."

"పెట్టుకున్నాడు."

"పనిచేయలేదా?"

"గాలి వచ్చింది. కానీ పళ్లతో పట్టుకునే రబ్బరు లేదు దానికి. ఉత్త ప్లాస్టిక్కు. పెదాలతో బిగించి పట్టుకున్నాడు. నోట్లోకి నీళ్లు పోయాయి. దగ్గాడు. నీళ్లలో దగ్గితే ఎలా ఉంటుందో... వద్దులే."

"చెప్పు."

"దాన్ని వదిలేసి రెండు వేళ్లు చూపించాడు. రెండు నాకు, రెండు తనకి."

"గుక్కలు."

"ఊపిర్లు, వదినా."

"ఆ, ఊపిర్లు. చెప్పు."

"పన్నెండు మీటర్ల దాకా బాగానే వచ్చాం. రెండు పీల్చి ఇస్తున్నాను. రెండు పీల్చి ఇస్తున్నాడు. తొందరే లేదు ఆయనకి. కళ్లతోనే లెక్కపెడుతున్నాడు. తర్వాత నా వంతులో..."

"నీ వంతులో?"

"నాలుగు పీల్చాను. నాలుగో, ఐదో. ఇవ్వాలని తెలుసు వదినా. చెయ్యి రాలేదు. లాక్కోనూ లేదు ఆయన. నా వైపు చూస్తూ ఉన్నాడు. నేను ఇచ్చేసరికి నోరు తెరవలేదు."

"అప్పుడు వదిలేశావు."

"పట్టీ వదిలేశాను. ఇప్పుడు నిద్రలో కూడా రెండు పీల్చి ఆగిపోతున్నాను. మెలకువ వచ్చేస్తోంది."

"టీ తాగు."

"ఎలా తాగను?"

"దిగేముందు చూసుకోలేదా? ఒకరి పసుపుది ఒకరు పీల్చి చూడందే మెట్టు దిగరుగా మీరు."

"మబ్బు పట్టింది. తొందరగా కానిద్దాం అన్నాను. అన్నయ్య నా పసుపుది పీల్చి చూశాడు. 'మరి నాది చూశావా' అన్నాడు. చూశానన్నాను."

"చూడలేదు."

"చూడలేదు. ఎన్నేళ్లు చూసినా ఏముంటుంది దాంట్లో? ఎప్పుడు ఊడి పడిపోయిందో ఏమో ఆ రబ్బరు."

"ఊడిపోయేదా అది? బిగించి కడతారుగా."

"అదే అర్థం కావట్లేదు. రేపు ఆఫీసులో ఏం చెప్పను వదినా? నువ్వు ఏం చెప్పమంటే అదే చెబుతాను."

"ఇప్పుడు చెప్పింది చెప్పు. నేనూ వస్తాను. నా మాట కూడా రాయించాలి."

"నీ మాటేంటి ఇందులో?"

"ముందురోజు నీ నల్లదాని రబ్బరు చిరిగిపోయిందని గొణిగావు."

"ఆ. పొద్దునకి బాగుచేసే ఉంది. అన్నయ్య మార్చాడనుకున్నాను."

"కొత్త రబ్బరు కొందామంటే అప్పటికే కొట్టు మూసేశారు. పసుపుదానితో పదహారేళ్లలో ఒక్కసారీ పని పడలేదు. సాయంత్రం కొత్తది తెచ్చి పెట్టొచ్చులే అనుకున్నాను. ఆయనకి చెబుదామని లేచేసరికి పొయ్యి మీద పాలు పొంగాయి. అటు పరిగెత్తాను."

"వదినా..."

"ఆ పొద్దున ఆరున్నరకి, ఇదే బల్ల మీద, ఈ కత్తెరతో ఆయన పసుపుదానికి కట్టింది కోసి, ఆ రబ్బరు తీసి నీ నల్లదానికి పెట్టాను."