మోగిన బాక్సు

నాగేశ్వర్లు శెట్టి నోరు తెరిచినాడంటే గ్లాసులో టీ చల్లారిపోవాల్సిందే. గిద్దలూరులో కంప్యూటర్ల దుకాణం ఆయనది. ఆ పొద్దు మార్కాపురం బయట, పలకల గనుల దారిలో కొండమ్మ టీ అంగడి ముందర బెంచీ మీద కూర్చున్నాడు. ఒళ్లో కొత్త వైఫై బాక్సు. ఎదురుగా దొనకొండ మాల్యాద్రి, ఈ మధ్యనే ఒక గని కౌలుకు తీసుకున్నోడు. గని పనోళ్లం మేం నలుగురం పక్కన చేరి వింటా ఉన్నాం.

మాల్యాద్రి ముందే చెప్పినాడు. "శెట్టీ, ఆఫీసులో రెండు కంప్యూటర్లు, ఒక ప్రింటరు. వాటి గురించి నాకు దిగుల్లేదు. గని అడుగున సెల్లు అందదు. కింద మనుషులు పనిచేస్తారు. గట్టు విరిగి మీద పడితే పైకి ఫోను రావాల. దానికి ఏ బాక్సు పెట్టాలో అది చెప్పు."

"ఓస్, ఇంతేనా! ఇదే దారిలో ఒక గనికి నేనే పెట్టిచ్చినా. ఒంగోలు పోయినా. దుకాణమోడు బల్ల నిండా బాక్సులు పరిచి, ఇది ఇంత స్పీడు, అది అంత స్పీడు అని ఒకటే వాగుడు. ఆగరా నాయనా, మేం పలకల ఊర్లోళ్లం, మాకు స్పీడు చెప్తావా అని, ఒక్కొక్క బాక్సూ చెవి దగ్గర పెట్టుకొని వేలి కణుపుతో కొట్టినా, పలకను కొట్టి చూస్తామే, అట్ల. ఒకటి మొద్దుగా పలికింది, పక్కన పెట్టినా. ఇంకోటి జీర. మూడోది ఖణ్ మనింది! ఇదే కట్టు అన్నా. వాడు బిత్తరపోయి, అది ఇంట్లోకి సార్, గనికైతే బయట కట్టే బాక్సు వేరే ఉంటాది, గట్టు దాకా వైరు లాగాల అంటాడు. ఎట్ల నవ్వినానంటే దుకాణం అద్దాలు అదిరినాయి. ఆ తర్వాత ఏమైందో తెలుసా?"

"ఏమైంది?" అన్నాడు మాల్యాద్రి.

"బస్సులో ఒళ్లో పెట్టుకున్నా. కరెంటు లేదు, వైరు లేదు. పొదిలి దాటేసరికి బస్సులో ఉన్నోళ్ల ఫోన్లన్నీ ఒక్కసారి మోగినాయి! కండక్టరు టికెట్టు కూడా అడగలేదు, దణ్ణం పెట్టినాడు."

"ఎవరి గనికి పెట్టినారు శెట్టిగారూ?" పొయ్యి కాడి నుంచి కొండమ్మ అడిగింది.

"కాటమరాజు గనికిలేమ్మా. టీలో చక్కెర తగ్గించు."

మేం ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం. కొండమ్మ చక్కెర తగ్గించింది.

"బిగిచ్చిన రోజే చూడాల ఆ వైభవం! కాటమరాజు బిల్లు అనుకుంటే చాలు, మీట నొక్కకముందే ప్రింటరు కాగితం కక్కేది. సాయంత్రానికి కంభం చెరువు కట్ట మీద సిగ్నలు. అర్ధవీడు తట్టు గొర్రెలన్నీ మేత మానేసి మార్కాపురం వైపు తిరిగి నిలబడినాయంట, కాపరోడు నాకు ఫోను చేసి ఏడ్చినాడు. దొనకొండ స్టేషన్లో రైలు కదల్లేదు, ఎందుకో తెలుసా? డ్రైవరు పెండ్లాంతో వీడియోలో మాట్లాడుకుంటా కూర్చున్నాడు!"

"నాది దొనకొండే. నాకు రాలేదే?"

"నీది డొక్కు ఫోను. విను ముందు. సిగ్నలు రాతిలోకి కూడా దూరింది. గడ్డపార పన్లేదు, సిగ్నలు తగిలిన చోటల్లా పలకలు వాటంతటవే పొరలు పొరలుగా లేచొచ్చేవి. ఇంక గని అడుగున ఎవుడన్నా తుమ్మినాడనుకో, ఆఫీసులో కాటమరాజుకు వినపడి, అక్కడి నుంచే నూరేళ్లురా అబ్బాయ్ అనేవాడు! ఆ తర్వాత ఏమైందో తెలుసా?"

"ఆ తర్వాత ఏమైందో నేను చెప్తా," అనింది కొండమ్మ.

పొయ్యి ఆపేసి వచ్చింది. మేం తలకాయలు దించుకున్నాం. శెట్టి బాక్సు బిగిచ్చిపోయినోడు మళ్లీ ఆ గని మొహం చూడలేదు, ఆయనకేం తెలుసు.

"ఏబేలని, నా కొడుకు, ఆ గనిలోనే పని. ఆదివారం, గనికి సెలవు. ప్రార్థన నుంచి వచ్చి, అడుగున నీళ్లు ఎంత ఊరినాయో చూసొస్తానని ఒక్కడే దిగినాడు. గట్టు విరిగి నడుం దాకా పడింది. చేతిలో ఫోనుంది. ఆఫీసుకు చేసినాడు, పోలేదు. నాకు చేసినాడు, పోలేదు. కాటమరాజు ఆఫీసులోనే బిల్లులు చేసుకుంటా ఉన్నాడు. మీ బాక్సు పచ్చలైట్లు వేసుకొని వెలుగుతానే ఉంది. రాతి గోడలయ్యా. సిగ్నలు ఆ ఆఫీసు గడప దాటలేదు."

శెట్టి ఏదో అనబోయినాడు. ఆమె ఆగలేదు.

"సుత్తి తీసుకొని రాయి కొట్టినాడు. పైన ఆఫీసు జనరేటరు మోత, ఎవురికి వినపడతాది? పొద్దు గూకినాక జనరేటరు ఆపితే అప్పుడు వినపడిందంట. మనుషులు పోగై రాళ్లు తీసేలోపల ఆ చప్పుడు కూడా ఆగిపోయింది."

శెట్టి ఒళ్లో బాక్సు మీద చెయ్యి అట్లనే ఉండిపోయింది.

"కొట్టి చూసి తెచ్చినావు గదయ్యా బాక్సు, ఖణ్ మనిందని. నా బిడ్డ పొద్దుగూకులూ కొట్టినాడే, అది వినపడే బాక్సు ఉందా నీ దుకాణంలో?"

కొండమ్మ పోయి పొయ్యి మళ్లీ వెలిగిచ్చింది. చివరికి మాల్యాద్రే మెల్లగా అడిగినాడు.

"గట్టు దాకా వైరు లాగాలన్నాడే, ఆ ఒంగోలు దుకాణం ఏ వీధిలో ఉంది శెట్టీ?"

నాగేశ్వర్లు శెట్టి వీధి పేరు చెప్పినాడు. ఇంకేం చెప్పలేదు.