పర్వతాలు కడిగిన గుడ్లు

కేతేపల్లిలో సడక్ పక్కన గాలయ్య చాయ హోటల్ ఉండేది. అక్కడ బెజవాడ లారీలు ఆగేవి. వాటికంటే ఎక్కువసేపు పర్వతాలు ఆగేవాడు. ఆ పొద్దు ఊళ్లో మళ్లీ కోళ్లకు రోగమొచ్చిందని ఎవరో అనగానే గ్లాసు కింద పెట్టి, బల్ల మీద కాళ్లు మడుచుకున్నాడు. మేమంతా సర్దుకుని కూర్చున్నాం.

"గిదేం రోగమే? నాలుగేండ్ల కింద, మనకు పంచాయతీ సమితి పడ్డ ఏడు వచ్చిన రోగం ముంగట గిదెంత? మా సైదమ్మకు ఇరవై కోళ్లుండె. నాలుగు దినాలల్ల గూడు వట్టిదైంది. పెండ్లాం మూలకు వడ్డది. బువ్వ తినది, పలుకది. వట్టి గూటి తలుపు తెరిసి సూసుడు, ఏడ్సుడు. నేను సూస్కుంట ఊకుంటనా? పాలమూరు పోయి మా బావమరిది ఇంట్లకెళ్లి పన్నెండు గుడ్లు తెచ్చిన. పుంజు జతున్న గుడ్లు, పొదగేస్తే పిల్లలయ్యేటియి. బస్సెక్కలే, అది ఎత్తి కుదేస్తే గుడ్డు లోపల అదురుతది. గంపల ఊక వోసి, గుడ్లు వెట్టి, నెత్తిన వెట్టుకొని నడిసే వచ్చిన."

"పాలమూరు నుంచా?" అన్నాడు జంగయ్య. గొర్లు కాసే మనిషి, నడక సంగతి అతనికి తెలుసు.

"మూడు దినాలు. ఇంత గూడ అదురు లేదు. దేవరకొండ కాడ గంప మీద కాకి వాలింది. నేను నడుస్తున్నట్టే దానికి తెల్వలే, చెట్టనుకున్నది. నకిరేకల్ దాక నిద్రవోయింది. ఆ తర్వాత ఏమైందో తెలుసా?"

"ఏమైంది?"

"గుడ్లకు మట్టి, రెట్ట అంటి ఉన్నయి. గట్లనే సైదమ్మకిస్తనా? కుంకుడు పులుసుతోని ఒక్కోటి రుద్ది రుద్ది కడిగిన. అద్దం లెక్క మెరిసినయి. అండ్ల మొఖం జూస్కొని మీసం దువ్వుకున్న. మంగలి ఐలేశం ఒక గుడ్డు ముంగట వెట్టుకొని నలుగురికి గడ్డాలు గీసిండు."

మూలన కూర్చున్న గుర్వయ్య ఏదో అనబోయాడు. అతను పర్వతాలు వాడలోనే ఉండే బక్కమ్మ కొడుకు, అతనికి బావమరిది వరస. పర్వతాలు చెయ్యి అడ్డం పెట్టాడు.

"ఆగు గుర్వయ్యా, అసలుది ముంగటున్నది. గుడ్లున్నయి గని పొదిగే కోడేది? మా వాడల మిగిలింది మీ అమ్మ బక్కమ్మత్త కాడ ఒక పుంజు, ఒక పెట్ట. ఆ పెట్ట ఇంక గుడ్లు వెడుతున్నది, పొదుగుకు కూసునేతందుకు వారం వట్టేటట్టున్నది. ఎండలు మండుతున్నయి. వేడి తాకితే కోడి లేకుంటనే లోపల పిల్ల కట్టుడు షురువైతది, సగంల సచ్చిపోతది. బక్కమ్మత్త ఇంట్ల నీళ్ల రంజన్ పక్కన సల్లటి జాగల గంప వెట్టిన, గుడ్డు మొన కిందికి. పొద్దుగాలొకపారి, మాపొకపారి మర్లెయ్యాలె, లేకుంటే సొన పెంకుకు అంటుకుంటది. నేను చెయ్యి వెట్టలే. వాకిట్ల నిలవడి 'మర్లుండ్రి' అని ఒక్క కేక! బడి పిల్లలు డ్రిల్లు జేసినట్టు పన్నెండూ ఒక్కపారే మర్లేటియి. ఒకటి మొండికేసింది. చెవి మెలేసిన."

"గుడ్డుకు చెవేందన్నా?"

"ఎతికిన, దొరికింది. ఎనిమిదోనాడు పెట్ట కూసున్నది. ఇరవై ఒకటో దినం పన్నెండుకు పన్నెండు! అండ్ల ఒక పుంజయితే పెంకు వలగకముందే లోపట్నుంచి కూసింది. ఆరు నెలలకు దూడంత అయింది. దాని కూతకు సడక్ మీద లారీలు ఆగినయి, పట్నంల దుకాన్లు తెరిసిండ్రు, సూర్యుడు ఆలిస్యమైందని ఉరికొచ్చిండు..."

"బావా, చెప్పుడయిందా?" అన్నాడు గుర్వయ్య. "అమ్మ పంపింది. రోగంతోని మా కోళ్లన్నీ పోయినయి. ఒక్క పెట్ట మిగిలి పొదుగుకు కూసున్నది, కింద గుడ్లు లెవ్వు. మీ కోళ్లకింక రోగం తాకలేదట గద, పన్నెండు గుడ్లు అడుక్క రమ్మన్నది." ఆగి తల గోక్కున్నాడు. "ఈపారి మాత్రం కడగొద్దని మరీ మరీ చెప్పమన్నది. గట్లెందుకన్నదో నాకు తెల్వది."

జంగయ్యకు చాయ పొరబోయింది. గాలయ్య వడగట్టే గుడ్డ వదిలేసి నవ్వాడు. పర్వతాలు నెత్తి రుమాలు తీసి మోకాలి మీద పెట్టుకున్నాడు.

"నేను కడిగిన గుడ్లు ఒక్కటి గూడ పిల్ల కాలే," అన్నాడు నెమ్మదిగా. "కడిగితే పెంకు మీది పొర పోతదట, నాకేం ఎరుక? అన్నీ మురిగినయి. ఎనిమిదోనాడు పెట్ట కింద సూస్తే మట్టంటిన గుడ్లున్నయి. బక్కమ్మత్త తనకోసం దాసుకున్న పన్నెండు వెట్టింది. ఆ ఏడు ఆమె గూట్ల ఒక్క పిల్ల లేదు. 'ఎవ్వలకు చెప్పకు, మొగడు తెచ్చిన గుడ్లే అనుకొని సైదమ్మను లేవనీ' అన్నది. పిల్లల కిచకిచ విని సైదమ్మ లేసింది, బువ్వ తిన్నది. మా ఇల్లు నిలవెట్టింది బక్కమ్మత్త. సచ్చేదాక మరువ."

"మరి గిన్ని కోతలెందుకన్నా?" అన్నాడు గాలయ్య.

"చెప్పొద్దన్నది గద. ఊకుండుడు నాతోని అయితదా? గందుకే ఇంకోటి చెప్పుకుంట తిరుగుతున్న. ఇయ్యాల సైదమ్మకు నేనే చెప్త."

లేచి ఇంటికి పోయాడు. బక్కమ్మ వాకిలి అతని ఇంటికి నాలుగిళ్ల అవతల, హోటల్ ఎదురు సందులోనే. కాసేపటికి గంప నెత్తిన పెట్టుకుని బయటికి వచ్చాడు. ఊకలో గుడ్లు మట్టి అంటినవి అంటినట్టే ఉన్నాయి. వెనకాల సైదమ్మ కొంగుతో కళ్లు తుడుచుకుంటూ నడుస్తోంది. ఆ నాలుగిళ్లు దాటడానికి అతనికి గాలయ్య చాయ చల్లారేంత సేపు పట్టింది.

"అన్నా, కాకి వాలిందా?" అని గాలయ్య కేకేశాడు.

పర్వతాలు నోరు తెరవలేదు, గుడ్లు కదులుతాయని.