గుంజకు దిగిన దండ

కార్జం, అదే లివర్ సంగతి ఈ జహీరాబాద్‌ల నాకంటె ఎక్కువ తెలిసినోడు లేడు, బస్వవ్వా! కామెర్లంటరే, ఆ పసిరికల మీద పందొమ్మిది వందల అరవైల మొదలుపెట్టిన పరిశోధన, ఇప్పుడు అరవైమూడు నడుస్తున్నది. హైదరాబాద్ పెద్ద దవాఖాన మొత్తం ఈ డాక్టర్ జహూర్ కోసమే ఎదురుచూస్తది!

సరే, మొత్తం కాదు. ఒక్క ప్రొఫెసర్ సాబ్. ఆయన సుత నాకోసం కాదు, నా సీసాల కోసం. రోగుల నెత్తురు తీసుడు, సీసా మీద పేరు రాసుడు, మంచుగడ్డ డబ్బాల పెట్టి బస్సెక్కిచ్చుడు. గదీ నా పరిశోధన. ఊరంత నన్నేమని పిలుస్తరో ఎరుకేనా? నెత్తురు సాబ్!

నవ్వకవ్వా.

టోపీనా? ఉండనియ్యి. బయట ముసురు గదా. ఇంట్ల ముసురెక్కడిదంటవా? నల్లద్దాలు సుత ఉండనియ్యి. పట్నం ఫ్యాషన్.

నేనొచ్చింది నీ మీద ఫిర్యాదుకు. పసిరికలొచ్చినోళ్ళు నా సూది చూస్తె జొన్నచేన్లకు ఉరుకుతున్నరు. నీ దగ్గరికేమో ఝరాసంగం నుంచి, న్యాల్‌కల్ నుంచి బండ్లు కట్టుకొని వస్తున్నరు. నువ్వేం చేస్తున్నవ్? పచ్చి గలిజేరు కాడలు ముక్కలు చేసి, దారంతోని ముడేసి, చిన్న దండ నెత్తి మీద పెడుతవ్. అది రోజింత పెరిగి మెడ దాటి, బొడ్డు దాటి, కాళ్ళల్ల పడితె రోగం దిగినట్టు. బస్!

నేనూకుంటనా? పోయిన ఎండకాలం నువ్వు సంతకు పోయినప్పుడు, నీ బర్రెను కట్టేసే లావు గుంజ లేదా, దాని నెత్తి మీద ఒక దండ పెట్టిన. ఎనిమిది రోజులల్ల భూమి దాక దిగింది! గుంజకు పసిరికలా, అవ్వా? దానికి సుత నూనె, కారం బంద్ చెయ్యాల్నా?

సంగతేందంటె, పచ్చి కాడలు ఎండితె సన్నవడుతయి. ముడులు వదులైతయి. దండ పొడుగైతది. రోగంతోని దానికేం పని లేదు. ఇదంత ఇంగ్లీషుల పదకొండు పేజీలు రాసిన. శుక్రవారం హైదరాబాద్‌ల పెద్ద డాక్టర్ల ముంగట చదవాలె. మెచ్చుకుంటె నా నౌకరి పక్కా. లేకుంటె బతికినన్ని రోజులు డబ్బాలు మోసుడే.

ఏందీ? మరి నీ మందేందంటవా?

...లేదు. అరే, గట్ల చూడకు, ఇంకా ఎవ్వరికీ దొరకలేదు! నూనె, కారం మానుమంట. నెల రోజులు పండుకోమంట. నువ్వు సుత గదే అంటవ్. కాకపోతె నువ్వు దండ ఇస్తవ్, నేను నెత్తురు గుంజుకుంట. ఇగ జనం ఎవరి దిక్కు పోతరు?

రోగం నీళ్ళల్లకెళ్ళి వస్తది, మరగబెట్టి తాగున్రి అని గల్లీ గల్లీ తిరిగి మొత్తుకున్న. బాయి పక్కింటి రహమతున్నీసా ఖాలా ఉన్నది గదా, ఆమె దగ్గరికి సూది పట్టుకొని పోయిన. చాపిన చెయ్యి వెనకకు గుంజుకున్నది. "మా ఇంట్ల నీళ్ళు ముట్టనోనికి మా నెత్తురు ఎట్లిస్తం, బేటా?" అన్నది. గ్లాసు తెచ్చి ముంగట పెట్టింది. బాయి నీళ్ళు, చల్లగున్నయి.

తాగిన. చెయ్యి చాపింది.

ఆ ముచ్చట గల్లీ అంత పాకింది. ఇంటికొక గ్లాసు, గ్లాసుకొక సీసా. నలభయ్యొక్క సీసాలు, అవ్వా! ప్రొఫెసర్ సాబ్ శబాష్ అని ఉత్తరం రాసిండు. సీసాలు ఎట్ల నిండినయో నేను ఆ పదకొండు పేజీలల్ల ఎక్కడా రాయలేదు.

అద్దాలు తియ్యాల్నా? తీస్తె తిడుతవ్.

...ఇగో. చూసినవా? పసుపు కొమ్ముల లెక్క ఉన్నయి గదా కండ్లు? తిట్టవా? తిడితేనే బాగుండు.

ఇంకోటి. పోయిన వారం మా కంపౌండర్ నర్సప్ప వచ్చి, మరదలికి పసిరికలని దండ కట్టిచ్చుకపోయిండు గదా? ఆ పిల్లకు మంచిగుందా అని నువ్వు రోజు అడుగుతున్నవట. నర్సప్పకు మరదలే లేదవ్వా.

టోపీ తీస్తున్న. నవ్వొద్దు. నవ్వనని చెప్పు ముందు.

ఆరు రోజులాయె. దండ చెవుల మీదనే కూసున్నది. పొద్దుమాపు టేపు పెట్టి కొలుస్తున్న, ఒక్క వేలంత సుత కిందికి రాలేదు. ఎందుకు రాలేదో నాకు తెలుసు! ముసురు పట్టింది, కాడలు ఎండుతలేవు. నాలుగో పేజీల నేనే రాసిన. అన్నీ తెలుసు. అయినా పొద్దుగాల కండ్లు తెరవంగనే చెయ్యి నెత్తి మీదికే పోతున్నది.

జర చూడవ్వా, ముడులేమన్న గట్టిగ పడ్డయేమో. నీ గుంజకు ఎనిమిది రోజులల్ల దిగింది. నాకెందుకు దిగుతలేదు?