కొమ్ముతో చేసిన రోటరు

1956లో ఒక ముసురు రోజు. దొర్నిపాడులో కంబగిరిరెడ్డి ఇంటి ముందరి కొట్టంలో పాత మిలిట్రీ జీపు మూత తెరుచుకొని ఉంది. నాలుగు చక్రాలూ లాగే బండి కాబట్టి వానలో నల్లరేగడి దాటి నంద్యాల చేరగలిగేది ఆ ఊళ్ళో అదొక్కటే. దానిమీద మెకానిక్కు చెయ్యి పడనివ్వడు, మరమ్మతులన్నీ తనే చేసుకుంటాడు. రాత్రిపూట ఎవరూ తోలుకుపోకుండా ఇంజనులోంచి వేలెడంత రోటరు ఊడదీసి దేవుడి గూట్లో పెట్టుకోవడం ఆయన అలవాటు. అది లేకపోతే ఇంజను పలకదు. ఈ పొద్దున గూట్లో అది లేదు. భార్య నాగేశ్వరమ్మ పక్కనే నిలబడి ఉంది.

“ఎలుక ఎత్తుకపోయింటాది.”

“రోటరు ఎలుకకు ఎందుకే? బెల్లమా అది?”

“నన్నడిగితే నాకేం తెలుసు? నీ వస్తువు, నీ గూడు.”

“సరేలే. ఆ దున్నపోతు కొమ్ము ముక్క ఇటియ్యి. ఇట్ల పట్టుకో. ఆకురాయితో అరగదీయాల.”

“కొమ్ముతో రోటరు చేస్తారా ఎవరన్నా?”

“ఎవరూ చేయకుంటే నేను చేస్తా. కొమ్ముకు కరెంటు పట్టదు. పైన ఈ ఇత్తడి రేకు బిగిస్తే చాలు. పోయినేడు అట్టముక్కతో గ్యాస్కెట్టు కోస్తే నవ్వితివి. బండి తిరగలేదా?”

“తిరిగింది. తిరిగి ఎవరికేం మేలు?”

“టైమెంత?”

“తొమ్మిది. ఇప్పుడే గడియారం చూసొస్తి.”

“మూడింటికి రైలు. వాళ్ళిద్దరూ బెజవాడకు పోతాండారని నంద్యాల నుంచి కబురు తెచ్చినాడు నూర్ బాషా. ఎక్కితే ఇంక యాడుంటారో ఏమో.”

“పోతే పోనీలే. కూతురు చచ్చిపోయిందని ఊరంతా చెప్తివి గదా. చచ్చినదాని కోసం ఈ వానలో పరుగేందీ?”

“నువ్వు ఊరుకో.”

“రచ్చకట్ట మీద ఏమంటివి? ఆ బడి అయ్యవారి కాళ్ళు ఇరగ్గొడతా, లీలావతిని జుట్టు పట్టుకోని ఈడ్చుకొస్తా అంటివా లేదా?”

“అంటి.”

“మరి?”

“మరేందీ? అంటి. గట్టిగా పట్టుకో, కదిలిస్తాండావ్.”

“లీలావతిని పెండ్లాడితే ఆయప్ప చేసిన తప్పేందీ? మన కులమోడు కాదు, అంతే గదా.”

“ఆయప్ప మాట ఎత్తద్దు.”

“ఎత్తనులే. నీ గోళ్ళనిండా పసుపేందీ?”

“యాడ?”

“ఈడ. గ్రీసు కింద.”

“తెగింటే పూసుకుంటి.”

“రెండు చేతులూ తెగినాయా?”

“పని చేసేవానికి తెగవా? వదిలేయ్.”

“సీటు కింద ఆ మూటేందీ?”

“దాన్ని ముట్టద్దు.”

“బరువుగా ఉంది.”

“ముట్టద్దంటి గదా. సామాను.”

“ఏం సామాను? కొడవలా?”

“నీ నోట్లో ఒక మంచి మాట రాదు. పోయి చీర మార్చుకో. నువ్వూ వస్తాండావ్.”

“నేనెందుకు?”

“నీ గొంతు ఇంటే అది బయటికొస్తాది. నా గొంతు ఇంటే తలుపేసుకుంటాది.”

“అంటే నన్ను ఎర పెడతావు. కన్నతల్లిని.”

“ఏమన్నా అనుకో. టైమెంత?”

“పదకొండు.”

“ఇంకా పదకొండేనా? ఈ ముసురుకు పొద్దు కూడా తెలీదు. పోయి చూసి రాపో.”

“పోతా... చూసొస్తి. పదకొండున్నర.”

“సరే, కూర్చుంది కొమ్ము. నేను ముందరికి పోయి హ్యాండిలు తిప్పుతా. నువ్వు బయట నిలబడే చోకు లాగు.”

“లాగినా.”

“ఇంగోసారి.”

“దగ్గి ఆగిపాయ.”

“రేకు పొట్టిగా ఉంది. ఇంగ కొంచెం బయటికి జరపాల. ఆ పట్టకారు ఇయ్యి. ఊఁ. ఇప్పుడు లాగు.”

“పలికింది.”

“ఇంటాండావా? కొమ్ముతోనే తిరుగుతాంది. ఎక్కు, బేగా. చీర అట్లనే ఉండనీ.”

“నేనెక్కను.”

“టైము లేదే తల్లీ, ఎక్కు.”

“టైము ఎప్పుడో లేకపాయ. గడియారం తెల్లారే నిలిపేసినా. నువ్వడిగినప్పుడల్లా నోటికొచ్చింది చెప్పినా. ఇప్పుడు నాలుగు దాటింటాది. రైలు పాయ.”

“ఏమంటాండావ్?”

“ఇదిగో, నీ రోటరు. గూట్లోంచి తీసింది నేనే. కొంగున ముడేసుకోని నీ పక్కనే నిలబడినా, నీ కొమ్ము పట్టుకుంటా. కొట్టాలంటే కొట్టు. నా బిడ్డ నీ చేతికి చిక్కలే, అది చాలు. దాని మొగం మళ్ళ నేను చూడకున్నా పర్వాలేదు.”

“ఆ రోటరు ఇటియ్యి.”

“తీసుకో. కొట్టు.”

“ఇంజను ఆపు.”

“నాకేం తెలుసు ఆపేది?”

“ఆ మీట కిందికి నొక్కు.”

“ఆగింది.”

“మూట ఇప్పి చూడు.”

“నాకెందుకు? నేను చూడను.”

“ఇప్పమంటాండా గదా.”

“బియ్యం... పసుపు కలిపిన బియ్యం. ఎండుకొబ్బెర, రవికె గుడ్డ, పట్టుచీర. పెండ్లయిన కూతురికి పోసే ఒడిబియ్యమా ఇది? ఈ పంచెల చాపు ఎవరికి?”

“ఆ అయ్యవారికి.”

“ఎవరు కలిపినారు బియ్యం?”

“నేనే, రాత్రి నువ్వు పండుకున్నాక. దాని ఒళ్ళో పోసేది నువ్వు గదా, అందుకే రమ్మంటి.”

“ఒక్క మాట, నాతో ఒక్క మాట చెప్పింటే ఏం పోయేది నీకు?”

“చెప్తే ఏడుస్తావు. ఊరంతా తెలుస్తాది. అంతమందిలో అట్ల అని, ఇప్పుడు ఇట్ల పోతాండాడంటారు. దోవలో చెప్దామనుకుంటి.”

“నూర్ బాషా నాతో ఊరు ఇడిచి పోతాండారనే చెప్పినాడు గదయ్యా.”

“మిగతాది నాకొక్కనికే చెప్పమందంట లీలావతి. రైలు కదిలేదాంక పెట్టె తలుపు కాడే నిలబడుకుంటాదంట. నాయనొస్తే దిగుతాదంట.”