ఏడో సూది

ఇప్పుడా రావడం? వీధి చివర నుంచి ఇక్కడికి ఇంత సేపా? ఎవరిదో ప్యాంటు పొట్టి చేస్తున్నానన్నావు. ఆ ప్యాంటు రేపు పొట్టి అయితే వాడి కొంపేమైనా మునుగుతుందా?

సర్లే, రా. అక్కడ కాదు, కిటికీ దగ్గర కూర్చో. ముందు చేతులు కడుక్కో. తడి లేకుండా తుడుచుకో.

ఏంటలా చూస్తావు? పదహారేళ్ళుగా ఎదురుపడితే తలూపడం తప్ప మాట లేదు, ఇవాళ ఇంట్లోకి పిలిచి చేతులు కడుక్కోమంటోంది సూదులక్క, ఏమొచ్చిందీ అనా? అవసరం వచ్చింది, పిలిచాను. బట్టల కంపెనీలో రెండొందల మంది ఉండేవాళ్ళం, బట్టలో ఏది దాక్కున్నా నీ చేతికి తగలకుండా పోయేది కాదు. గింజ ఎక్కడున్నా ఏరేస్తుందని కదా నిన్ను పిచ్చుక అన్నది. పేరు పెట్టింది నేనే అనుకుంటా.

ఇదిగో, ఈ బొంత. నా మనవరాలికి కుట్టాను. దీన్లో సూది ఉంది.

ఉందో లేదో తెలీదు. ఉండొచ్చు. అది చెప్పడానికే నువ్వు.

పిల్ల ఇక్కడ లేదులే, కంగారు పడకు. అమ్మాయీ అల్లుడూ నిన్న మధ్యాహ్నం వచ్చారు. ఇప్పుడు పిల్లని తీసుకుని పిల్లల తోపుడుబండి కొనడానికి వెళ్ళారు. నాలుగింటికి వస్తారు. వచ్చి, సామాను సర్దుకుని, ఈ బొంత కూడా పట్టుకుని పోతారు. ఇప్పుడు మూడూ అయిదు. అర్థమైందా ఎంత టైముందో?

నాకు ఏడు సూదులు. ఎప్పుడూ ఏడే. బిస్కెట్ల డబ్బాలో కంబళి ముక్క పెట్టి, దానికి వరసగా గుచ్చుతాను. కూర్చున్నప్పుడు లెక్క, లేచేటప్పుడు లెక్క. ఇల్లు అంటుకున్నా లెక్కపెట్టే లేస్తాను. కంపెనీలో ఇరవై రెండేళ్ళు సూదులు లెక్కపెట్టి ఇచ్చే కిటికీ దగ్గర కూర్చున్నదాన్ని, నాకు ఒకరు నేర్పాలా?

ఆరే ఉన్నాయి.

ఎలా పోయిందా? అల్లుడి వల్ల పోయింది. అంటే, అతని తప్పు కాదు. ఆదివారం వస్తామన్నవాళ్ళు శనివారం దిగారు. నేనింకా చివరి మూల కుడుతున్నాను. గేటు దగ్గర హారను. పిల్ల ఏడుపు. చేతిలో సూది ఎక్కడ పెట్టానో, ఏం చేశానో, లేచి పరిగెత్తాను. మంచి మోకాళ్ళున్న మనిషిలాగా పరిగెత్తాను. పిల్లని ఎత్తుకునేసరికి లెక్క మర్చిపోయాను. ఇరవై రెండేళ్ళలో మర్చిపోలేదు, నిన్న మర్చిపోయాను.

మూలల నుంచి మొదలుపెట్టు. అరచేత్తో కాదు, అరచేత్తో నేను చూశాను. చేతి వెనక వైపుతో నువ్వు తడిమేదానివి చూడు, అలా.

అయస్కాంతం పెట్టానులే, నాకా మాత్రం తెలీదా. ఫ్రిజ్‌కి అంటించిన బాతు బొమ్మ ఉంది కదా, అది. దానికి కాగితాన్ని పట్టుకోవడమే గొప్ప. మూడు పొరల బట్టలో సూదిని ఏం లాగుతుంది?

పైన ఉన్నవన్నీ మా ఆయన చొక్కాలు. మధ్యలో పాత దుప్పటి. కింద మెత్తని తెల్లబట్ట. ఆయన పోయిన ఏడాదికి బీరువా తెరిచి చొక్కాలన్నీ కత్తిరించేశాను. మా అమ్మాయి ఏడ్చింది, నాన్న బట్టలు కోసేస్తావా అని. కొయ్యక? వాటిని వాసన చూసుకుంటూ కూర్చోవడానికి నాకు తీరిక లేదు. నూలు బట్ట, ఉతికి ఉతికి మెత్తబడింది, చంటిపిల్ల ఒంటికి అంతకంటే మంచిది దొరుకుతుందా?

మూడు వారాలు పట్టింది. ఇదివరకైతే పదిరోజుల పని.

కళ్ళజోడు వంకరగా ఉందనా? దాని మీద కూర్చున్నాను పోయిన నెల. టేపు చుట్టాను. దాని వల్ల కాదులే. కళ్ళే. ఎడమ కంటికి పొర వస్తోందన్నాడు డాక్టరు. నువ్వెవరితో అనకు. మా అమ్మాయికి చెప్పలేదు.

ఎందుకు చెప్పలేదా? చెప్తా విను. చెయ్యి ఆపకు, వింటూ చూడు.

వచ్చే వారం నుంచి అది మళ్ళీ ఉద్యోగానికి వెళ్తోంది. పిల్లని పొద్దున్నే నా దగ్గర వదిలి, సాయంత్రం తీసుకెళ్ళాలని దాని మాట. అల్లుడేమో పిల్లల్ని చూసుకునే సెంటరు ఏదో ఉంది, అక్కడ పెడదామంటాడు. అక్కడ కెమెరాలున్నాయట, తలుపులకి గడియలున్నాయట, కత్తీ కటారూ ఏదీ పిల్లకి అందకుండా పైన పెడతారట. అతను చెడ్డవాడు కాదు. నెమ్మదస్తుడు. అదే నా భయం. అరిచే మనిషైతే నేనూ అరుస్తాను, సరికి సరి. ఇతను అరవడు. నిన్న వచ్చీ రాగానే సోఫా కింద చెయ్యి పెట్టి తడిమాడు. ఒక చొక్కా గుండీ దొరికింది. దాన్ని బల్ల మీద పెట్టాడు. అలా పెట్టాడు, అంతే. భోజనం అయ్యేదాకా ఆ గుండీ నా ఎదురుగానే ఉంది.

గుండీకే అంత. సూదికి ఏమంటాడు?

మా అమ్మాయి నా వైపే మాట్లాడింది పాపం. మా అమ్మ దగ్గర సూది కూడా లెక్క తప్పదండీ అంది. సరిగ్గా ఆ మాటే అంది. మంచినీళ్ళకని లేచి వంటింట్లోకి పోయాను నేను.

పిల్ల పొద్దుట్నించీ సాయంత్రం దాకా ఈ ఇంట్లో ఉంటుందని నేను ఎన్ని అనుకున్నానో నీకేం తెలుసు. మనిషి అలికిడి లేని ఇల్లు. గోడ మీద గడియారం నన్ను చూసి టిక్కుమంటుంది, నేను దాన్ని చూసి ఆవలిస్తాను. ఈ పిల్ల వస్తే, అది పాకుతుంది, నేను దాని వెనక పాకుతాను, పొద్దు గడిచిపోతుంది. అది పోయిందంటే మళ్ళీ బొంతలే. ఎవరికి కుట్టను బొంతలు? ఊళ్ళో ఎంతమందికి చలేస్తుంది?

ఆ వరస అయిందా? మడిచి చూడు. బట్ట వంగుతుంది, సూది వంగదు.

లేదా. సరే, పక్క వరస.

ఎప్పుడు తెలిసిందా? ఇందాకే. వాళ్ళు గేటు దాటగానే డబ్బా తీశాను, చూశాను, ఆరు.

ఏంటలా ఆపేశావు? ఇందాకే అన్నాను కదా.

నన్నలా చూడకు. నువ్వు ముందు నుంచీ ఇంతే, నోరు మెదపవు, చూస్తావు.

నిన్న సాయంత్రం.

నిన్న సాయంత్రమే తెలిసింది. చాలా? వాళ్ళు ముందు గదిలో టీవీ చూస్తుంటే నేను డబ్బా తీశాను. ఆరు. మళ్ళీ లెక్కపెట్టాను, ఆరు. నేల మీద పడుంటుంది అనుకున్నాను. తడిగుడ్డతో గది మొత్తం తుడిచాను, ఇప్పుడెందుకమ్మా తుడవడం అని అమ్మాయి నవ్వింది. గుడ్డకి ఏమీ తగల్లేదు. అయినా నేల మీదే పడుంటుంది, సందులోకి పోయుంటుంది అనుకున్నాను. అనుకుంటే అయిపోతుందా? ఇవాళ పొద్దున పిల్లని మళ్ళీ దీని మీదే పడుకోబెట్టారు.

అవును, చెప్పలేదు. పక్కనే కూర్చున్నాను. పిల్ల ఒత్తిగిలితే చెయ్యి అడ్డం పెట్టాను. అది గంటన్నర నిద్రపోయింది. తీసి వేరేది వెయ్యొచ్చు కదా అంటావు. వేస్తే ఎందుకని అడుగుతారు. ఒక్క నోటిమాట, సూది పోయిందర్రా అనాలి, అంతే కదా. అది రాలేదు నోటికి.

తిట్టు, తిట్టాలనుంటే. చేత్తో చూస్తూ తిట్టు. మూడున్నరయింది.

ఆ జేబా? అది ఊరికే ఉంచాను. నీలం గళ్ళ చొక్కాది. ఆయన ఆ జేబులో పెట్టిన వస్తువు తిరిగి బయటికొచ్చిన పాపాన పోలేదు. కళ్ళజోడు, కలం, ఇంటి తాళం, అన్నీ అందులోనే వేసుకుని ఇల్లంతా వెతికేవాడు. పిల్ల ఆడుకుంటుందని జేబుతో సహా కత్తిరించి మూలన కుట్టాను. దానికదే ఇష్టం. నిన్నటి నుంచీ అందులో చెయ్యి పెట్టి తీస్తోంది, పెట్టి తీస్తోంది.

జేబులో చూశాను. రెండు సార్లు చూశాను. ఏమీ తగల్లేదు.

చూడు కావాలంటే.

ఏమైంది?

గుచ్చుకుందా? చూపించు. రక్తం. చెయ్యి కదపకు, బొంత మీద పడితే పడింది, కదపకు. ఎక్కడుంది? అడుగున మడత కుట్టులోనా? మొన ఎటుంది, పైకా?

పైకి.

దారం కూడా ఉంది దానికి. తెల్ల దారం. నేనే గుచ్చి పెట్టాను అక్కడ. హారను వినపడగానే, కంబళి ముక్క అనుకుని, అలవాటు కొద్దీ అందులో గుచ్చి లేచుంటాను. తర్వాత నేనే రెండు సార్లు వేళ్ళు పెట్టి చూసి ఏమీ లేదన్నాను. ఇరవై రెండేళ్ళు సూదులు పట్టుకుని పట్టుకుని ఈ వేళ్ళ చివర చర్మం చచ్చిపోయింది, పిచ్చుకా. పొడిచినా తెలీలేదేమో. పిల్ల వేళ్ళకి ఎందుకు దిగలేదో నాకు తెలీదు. వేళ్ళు పొట్టివి కాబట్టి అడుక్కి అందలేదేమో. అంతే. వేలెడు తేడా.

ఉండు, నీళ్ళు తాగుతాను.

ఇదిగో, దూది తీసుకో. గట్టిగా అదుము.

ఏమన్నావు? మళ్ళీ అను.

ఎవరికీ చెప్పవా. సూది దొరికింది కదా అక్కా, డబ్బాలో గుచ్చేస్తే ఏడు అవుతాయి, నేను వెనక నుంచి వెళ్ళిపోతాను, మీ అల్లుడికి ఎలా తెలుస్తుంది అంటావు.

ఆ మాట వేరే ఎవరన్నా అని ఉంటే ఇప్పటికి గుచ్చేసి ఉండేదాన్ని. నువ్వే అనాలా?

సూది ఇలా ఇవ్వు. సొరుగులో టేపు ఉంది, తియ్యి. కాగితం కూడా. కంపెనీలో రూలు మర్చిపోయావా? సూది విరిగితే మిషను ఆపాలి, ముక్కలన్నీ ఏరి కిటికీ దగ్గరికి తేవాలి, నేను కాగితానికి అంటించి తేదీ వెయ్యాలి, అప్పుడే కొత్త సూది. చంటిపిల్లల బట్టలు కుట్టే చోటు మరి. ఒక్క ముక్క తక్కువైనా కట్టలన్నీ విప్పాలి.

పదహారేళ్ళ కింద ఆ రోజు నీ సూది మూడు ముక్కలయింది. నువ్వు అరచేతిలో మూడూ తెచ్చి కిటికీలో పోశావు. నేను అంటించాను. చూస్తే రెండే ఉన్నాయి. మొన లేదు. మూడు తెచ్చానక్కా, మూడు తెచ్చానక్కా అన్నావు. నేను సూపర్‌వైజరుని పిలిచాను. మూడొందల గౌన్లు విప్పించారు. దొరకలేదు. దాచి అబద్ధం ఆడుతోందని నిన్ను ఆ రోజే పంపించేశారు. ఇప్పటికీ వీధి చివర నీ గుమ్మం బయట కుర్చీ వేసుకుని ఊళ్ళోవాళ్ళ ప్యాంట్లు పొట్టి చేస్తున్నావు.

ఆ డబ్బా ఇలా తే. సూదుల డబ్బా. కంబళి ముక్క ఎత్తు. కింద మడిచిన కాగితం ఉంటుంది.

విప్పు.

గోరులో సగం కూడా లేదు కదా. నువ్వు పోయిన నాలుగో రోజు కొత్త టేపు కోసం పాతది తీస్తే, టేపు చుట్ట పక్కన జిగురుకి అతుక్కుని కనపడింది. నా టేపుకి. నా బల్ల మీద. నువ్వు మూడూ తెచ్చావు, పిచ్చుకా. పోగొట్టింది నేను.

కింద ఉన్న అంకెలు నేను రాసినవే. దొరికిన తేదీ. నాకు అక్షరాలు రావు, అంకెలూ సంతకమూ వచ్చు, అందుకే అంతవరకే రాశాను. పోయి చెప్తే నిన్ను వెనక్కి పిలుస్తారు, నన్ను కిటికీ దగ్గర నుంచి తీసేస్తారు. మా ఆయనకి అప్పటికి పని లేదు, అమ్మాయి చదువుతోంది. ఇవాళ చెప్పొచ్చు, రేపు చెప్పొచ్చు అనుకున్నాను. దొరక్క ముందు ఆ నాలుగు రోజులూ నేల మీద పడిందనే అనుకున్నాను, చూడు.

ఏడవకు. లేదా ఏడు, నీ ఇష్టం. నేనేం చెయ్యలేను ఇప్పుడు. పదహారేళ్ళు నేను కుట్టి ఇవ్వలేను.

గేటు చప్పుడైంది. వచ్చారు. తోపుడుబండి చక్రాలు వినపడుతున్నాయి, కొన్నారన్నమాట.

ఏడో సూది అంటించాను, తేదీ వేశాను. ఆ పాత కాగితం కూడా బల్ల మీద పెట్టు, నిన్న గుండీ పెట్టిన చోటే. అల్లుడు అడిగితే రెండూ నేనే చెప్తాను. అడక్కపోయినా చెప్తాను. పిల్లని సెంటరుకే పంపిస్తారులే. పంపించనీ. నేనైనా పంపిస్తాను.

వెనక నుంచి పోతావేం? ముందు తలుపు నుంచే వెళ్ళు. వెళ్తూ వెళ్తూ గడియ తియ్యి.