నాబ్ తిప్పిన చెయ్యి

ఏ.ఎస్. రావు నగర్‌లో ఇంటి ముందు తన పాత రోటరీ ఇంజన్ కారు ఆపి, ఆయన డ్యాష్‌బోర్డు కింద స్వయంగా తయారు చేసి పెట్టుకున్న డబ్బా విప్పాడు. ఇంజన్ హద్దు దాటి తిరగకుండా ఆపే డబ్బా అది. హద్దు ఎంతో పెట్టుకోవడానికి దానికొక నాబ్ ఉంది. భార్య గేటు దగ్గర నిలబడి చూస్తోంది.

"నిమిషానికి ఏడువేల చుట్ల మీద పెట్టిన. ఇయ్యాల ఐదువేలకే ఆపేస్తుంది. ఎవడో నాబ్ తిప్పిండు."

"ఎవరు తిప్తరు?"

"యుగంధర్ గాడే. మొన్న ఆయిల్ మార్చినప్పుడు వాని చెయ్యి ఇందులనే ఉండె."

"పాపం, ముప్పై ఏండ్ల దోస్తు."

"దోస్తే గదా చెయ్యి పెట్టేది. ఫోన్ తే, అడుగుతా."

"జెర చాయ్ తాగి అడుగుండ్రి."

"ఏందీ, వాన్ని అడుగుతా అంటే నీకెందుకు తక్లీఫ్?"

ఆమె చేతులు కొంగు కింద పెట్టుకుంది. ఆయన మళ్లీ వంగి చూశాడు. నాబ్ కదలకుండా ఆనాడు ఆమెనే అడిగి తీసుకుని అద్దిన నెయిల్ పాలిష్ చుక్క ఎర్రది. ఇప్పుడున్నది గులాబీ రంగు.

"నీ చెయ్యి చూపియ్యి."

"చూసేదేముంది. నేనే తిప్పిన."

"ఎటు తిప్పాల్నో నీకెట్ల తెలుసు?"

"ఇంటికొచ్చినోళ్లందరికీ తిప్పి చూపిస్తిరి గదా. మొన్న యాప్రాల్ మలుపుల కారు జారింది. నేను కండ్లు మూసుకున్న. మీరు నవ్విండ్రు."

ఆయన డబ్బా ఒళ్లో పెట్టుకుని, నాబ్ తిప్పకుండా, గులాబీ చుక్కను గోటితో గీకి చూశాడు.

"ఒక్క కోటే వేసినవు. ఇది ఊడిపోతది. సీసా తే, ఇంకో కోటు వెయ్యి."