వచ్చే చలికాలం సైజు

"ఎర్మెక్, పెట్టె ఖాళీ! ఒక్క గుడ్డ ముక్క కూడా లేదు!"

కిర్గిజ్ కొండల్లోని అత్‌బాషి ఊళ్ళో మార్చి మధ్యాహ్నం. పెట్టె ముందు ఎనిమిదో నెల గర్భిణి జిబెక్, గుమ్మంలో ఇంకా బూట్లు విప్పని మొగుడు, గోడకవతల అత్తగారు.

"మెల్లగా! అమ్మ వింటుంది."

"వింటుందనేగా గొంతు నొక్కుకుని ఏడుస్తున్నాను. పన్నెండు చొక్కాలు, రెండు ఉన్ని టోపీలు, పొత్తిగుడ్డలు, ఆ పసుపు శాలువా... అన్నీ పోయాయి."

"సరిగ్గా చూశావా? అడుగున..."

"అడుగున నా పెళ్ళి గౌను ఉంది. దాన్ని చుట్టమంటావా బిడ్డకి?"

"ఎలకలేమైనా..."

"తాళం తీసి, తినేసి, మళ్ళీ తాళం వేసి వెళ్ళాయా ఎలకలు?"

"ఏదో అన్నాన్లే."

"అయిదు నెలలు, ఎర్మెక్! బజారు కట్టేసే వేళ దాకా చోల్పాన్ దుకాణం ముందు నిలబడి కొన్నాను. మరక ఉందని సగానికి, గుండీ ఊడిందని పావుకి. ఆ గుండీలన్నీ నేనే కుట్టుకున్నాను. ఇప్పుడు దొంగా దొంగా అని అరిచే వీలు కూడా లేదు."

"ఎందుకు లేదు?"

"పుట్టని బిడ్డకి ఈ ఇంట్లో దారప్పోగు కూడా కొనకూడదుగా! పోయాయంటే, కొన్నానని ఒప్పుకున్నట్టే. మీ అమ్మ నన్ను బతకనిస్తుందా?"

"అయితే ఊరుకో. పుట్టాక చూద్దాం."

"పుట్టాక పూర్తి ధర పెట్టి ఎవరు కొంటారు, నువ్వా? నీ వ్యాను కదిలితే రొట్టె, కదలకపోతే ఉత్త టీ. అయినా ఎవరు తీశారో నాకు తెలుసులే."

"ఎ... ఎవరు?"

"ఇంకెవరు? తన పాత తలగుడ్డ కత్తిరించి కుక్కచొక్కా కుడుతున్న మీ అమ్మే. ముందు కుక్క మెడకి కట్టి, తర్వాత బిడ్డకి తొడిగితే ఆయుష్షట! ఆవిడకి ఒక్క సోమ్ ఖర్చు లేదు. నా పన్నెండు చొక్కాలూ పొయ్యిలో వేసుంటుంది."

"అమ్మని అనకు."

"మరెవర్ని అనను?"

"ఎవర్నీ అనకు."

"సరే, అనను. రెండు వేలివ్వు."

"దేనికి?"

"చోల్పాన్ దుకాణంలో చలికాలం సరుకు ఇవాళే ఆఖరు. అంతా సగం ధర. ఎర్రటి మంచుకోటు ఒకటి పక్కన పెట్టమన్నాను. తొమ్మిది నెలల సైజు."

"మంచు కరిగిపోతుంటే మంచుకోటేమిటే?"

"అందుకేగా సగం ధర! ఏప్రిల్‌లో పుడితే జనవరికి తొమ్మిది నెలలు. సరిగ్గా సరిపోతుంది. ఇప్పుడు రెండు వేలు, అప్పుడు నాలుగు."

"వచ్చే చలికాలం మాట ఇప్పుడెందుకు?"

"ఇప్పుడు కాకపోతే..."

"వద్దన్నానా!"

"అరవకు, మీ అమ్మ వింటుంది. గురువారం నా కడుపు పరీక్ష కాగితం తెస్తానని బిష్కెక్ వెళ్ళొచ్చిన దగ్గర్నుంచీ ఇదే వరస నీది. నేను అక్క ఇంట్లో ఉంటే అక్కడికి ఫోన్ చేసినా అదే పాట, ఏమీ కొనకు, ఏమీ కొనకు అని. కాగితమేదంటే మిషను పాడైందంటావు. మూడు రోజులు పడుతుందా మిషను బాగవడానికి?"

"పడుతుంది. పెద్ద మిషను."

"కోడలా! ఇంత గుసగుసలెందుకు? ఆ గోడ ఎంత మందమో నాకు తెలుసు. కట్టించింది నేనే."

"అత్తయ్యా! లోపలికి రండి. ఏం లేదు, ఊరికే పెట్టె సర్దుతున్నాను..."

"ఖాళీ పెట్టెలో సర్దడానికేముందమ్మా?"

"ఖాళీ అని మీకెలా..."

"ఆ పెట్టె నాకు మా అమ్మ ఇచ్చింది. రెండో తాళంచెవి నా మెళ్ళోనే ఉంటుంది. మొదటి టోపీ కొన్ననాడే చూశాను. ఆకుపచ్చది. ఎంతకిచ్చారు?"

"నూట యాభై."

"ఫరవాలేదు. నేనైతే ఇంకో ముప్పై తగ్గించేదాన్ని."

"మరి... తిట్టలేదేం?"

"తిడితే మానేస్తావా? వీడు కడుపులో ఉండగా మా అత్త తిడితే నేను మానానా? ఈ పెట్టెలోనే రెండు దుప్పట్లు దాచాను. అందుకే నోరు మూసుకుని, మూడు రోజులకోసారి తెరిచి, దిష్టి తగలకుండా అర్చా చెట్టు కొమ్మ కాల్చి పొగ వేశాను."

"అయితే బట్టలు తీసింది మీరు కాదా?"

"నేనెందుకు తీస్తాను? శుక్రవారం పొద్దున పొగ వేద్దామని తెరిస్తే ఏమీ లేవు. అక్క ఇంటికి వెళ్తూ నువ్వే ఎక్కడికో మార్చావనుకున్నాను. ముందు రోజు సాయంత్రం తాళం చప్పుడు కూడా వినపడింది."

"ముందు రోజంటే గురువారం. నేను మధ్యాహ్నమే అక్క ఇంటికి వెళ్ళిపోయాను కదా అత్తయ్యా. ఇవాళ పొద్దున్నేగా వచ్చాను. నా తాళంచెవి ఇక్కడే, మేకుకి..."

"ఒరే ఎర్మెక్, ఇటు చూడు."

"అమ్మా, నువ్వెళ్ళు. పొయ్యి మీద పాలు పొంగుతాయి."

"పొయ్యి మీద పాలు లేవురా."

"అమ్మా. నీకు దణ్ణం పెడతాను. వెళ్ళు."

"...వెళ్తున్నానులే. అరవకండి ఇద్దరూ. కడుపులో బిడ్డ వింటుంది."

"వెళ్ళింది. ఇప్పుడు చెప్పు. అమ్మేశావా?"

"లేదు."

"తాగేశావా?"

"లేదు, జిబెక్."

"మరెక్కడున్నాయి?"

"వ్యానులో, వెనక సీటు కింద. చోల్పాన్‌కి తిరిగిచ్చేద్దామని పట్టుకెళ్ళాను. తగ్గింపు ధరకి కొన్నవి వెనక్కి తీసుకోరట. పారెయ్యడానికి చేతులు రాలేదు. మళ్ళీ ఇంట్లోకి తేవడానికీ రాలేదు. మూడు రోజులుగా వాటి మీదే జనాన్ని కూర్చోబెట్టి తిప్పుతున్నాను."

"పిచ్చి పట్టిందా? తిరిగివ్వడమేమిటి? మన బిడ్డ బట్టలు!"

"రోజూ సాయంత్రం ఆ పెట్టె తెరుస్తావు. చొక్కా తీసి పొట్ట మీద పరిచి కొలుస్తావు. నేను చూడలేను."

"ఎందుకు చూడలేవు? ఎర్మెక్? నీ కోటు జేబు ఎందుకలా పట్టుకున్నావు? ఏముంది అందులో?"

"నేనే తీశాను, జిబెక్. మిషనేం పాడవలేదు. కాగితం గురువారమే ఇచ్చారు. బిడ్డ గుండె సగమే ఎదిగిందట. నువ్వేమో వచ్చే చలికాలం సైజు పక్కన పెట్టించావు... డాక్టరమ్మ, పుట్టాక నలభై రోజులు బతికితే అదే ఎక్కువంది."